వాతావరణ మార్పుపై ప్రజావగాహన కార్యక్రమాలు: ఖర్చు, ఫలితం – కర్నూలు, కడప జిల్లాల అనుభవాల పరిశీలన

సారాంశం

వాతావరణ మార్పుపై రైతులలో అవగాహన కల్పించడానికి ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాలు, స్వచ్ఛంద సంస్థలు ఏటా ప్రజాధనం వెచ్చిస్తున్నాయి. ఈ ఖర్చును హాజరైన వారి సంఖ్యతో, పంచిన కరపత్రాల సంఖ్యతో కొలిచే అలవాటు మనలో స్థిరపడింది. రాయలసీమ మెట్ట సేద్యంలో వచ్చిన కొన్ని అనుభవాలను ఆధారంగా తీసుకొని, అవగాహన కార్యక్రమాన్ని 'మారిన ఒక్కొక్క నిర్ణయానికి అయిన ఖర్చు' అనే కొలమానంతో పరిశీలించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. రైతు తన చేతితో కొలిచిన సమాచారం, తేదీతో కూడిన సలహా, నమ్మకమున్న వ్యక్తి ద్వారా అందిన మాట ఫలితమిచ్చాయి. నిర్ణయంతో ముడిపడని సాధారణ ప్రచారం ఎంత చౌకగా కనిపించినా దాని ఫలితాన్ని నిరూపించడం కష్టం. సమాచారం ఎంత మంచిదైనా, దానిని ఆచరించే వెసులుబాటు లేకపోతే అది ఒక మేర వద్ద ఆగిపోతుంది.

1. ఉపోద్ఘాతం

ప్రజలకు పర్యావరణ విషయాలు తెలియజేయడం ప్రభుత్వ బాధ్యత అన్న భావన మన దేశంలో కొత్తది కాదు. ఎం.సి. మెహతా దాఖలు చేసిన వ్యాజ్యంలో 1991లో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, సినిమాహాళ్లలో పర్యావరణ సందేశాల స్లైడ్లను ఉచితంగా చూపాలనీ, ఆకాశవాణి, దూరదర్శన్‌లు అటువంటి కార్యక్రమాలను ప్రసారం చేయాలనీ ఆదేశించింది. 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు ఒడంబడిక 6వ అధికరణం విద్యను, శిక్షణను, ప్రజావగాహనను సభ్యదేశాల కర్తవ్యాలుగా పేర్కొన్నది. 2008లో వెలువడిన జాతీయ కార్యాచరణ ప్రణాళికలోని ఎనిమిది మిషన్లలో ఒకటి ప్రత్యేకంగా విజ్ఞానాభివృద్ధికి ఉద్దేశించినదే.

ఈ ఆదేశాలన్నిటి వెనుక ఒక ఊహ ఉన్నది. ప్రజలకు తెలియదు కనుక మారడం లేదు, తెలియజేస్తే మారుతారు అన్నదే ఆ ఊహ. మెట్ట రైతు విషయంలో ఇది ఎంతవరకు నిజమో పరీక్షించవలసి ఉన్నది. ఆ పరీక్ష కేవలం సిద్ధాంత చర్చ కాదు. తొలకరి జల్లుకు తొందరపడి విత్తిన వేరుశనగ ఎండిపోతే, ఆ రైతు మరల విత్తనం కొనడానికి అప్పు చేయవలసి వస్తుంది. అతనిని ఆపగలిగిన మాట సకాలంలో చేరిందా, లేక ఆ మాటకు కేటాయించిన డబ్బు ఫ్లెక్సీలకు ఖర్చయిందా అన్నది అతని సంసారానికి సంబంధించిన ప్రశ్న.

2. రెండు జిల్లాల నేపథ్యం

ఈ వ్యాసంలో కర్నూలు, కడప అన్నప్పుడు 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనకు పూర్వమున్న జిల్లాలను గ్రహించవలెను. కర్నూలు సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 670 మిల్లీమీటర్లు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు నైరుతి రుతుపవనాల వల్ల లభిస్తుంది. కడపలో వార్షిక వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు. అక్కడ మూడింట ఒక వంతుకు పైగా ఈశాన్య రుతుపవనాలదే. కాబట్టి 'వర్షాలు తగ్గుతున్నాయి' అన్న ఒకే వాక్యాన్ని రెండు జిల్లాల గోడలపైన వ్రాస్తే అది రెండు చోట్లా అసంపూర్ణమే అవుతుంది. ఆలూరు, పత్తికొండ, దేవనకొండ ప్రాంతాల ఎర్రనేలల రైతుకు జూన్, జూలై నెలల వర్షం ముఖ్యం. కోయిలకుంట్ల, జమ్మలమడుగు, మైదుకూరు ప్రాంతాల నల్లరేగడిలో శనగ విత్తే రైతుకు అక్టోబరు, నవంబరు నెలల తేమ ముఖ్యం.

భారత భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, 1901–2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. 1951–2015 మధ్య నైరుతి వర్షపాతం సుమారు 6 శాతం తగ్గింది. అయితే సేద్యగానికి సగటు కంటే పంపిణీ ప్రధానం. 2009వ సంవత్సరం ఇందుకు ఉదాహరణ. ఆ ఏడు దేశంలో నైరుతి వర్షపాతం దీర్ఘకాల సగటులో 78 శాతం మాత్రమే. అదే సంవత్సరం అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరం నీట మునిగింది. కరువూ, వరదా ఒకే పంచాంగంలో రావడం ఈ ప్రాంత రైతుకు పుస్తకాలు చెప్పవలసిన సంగతి కాదు.

3. 'అవగాహన' అనే మాటలోని నాలుగు మెట్లు

యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో భారతదేశంలో జరిపిన సర్వేలో, భూతాపం అన్న మాట ఎన్నడూ వినలేదనో, తెలియదనో చెప్పినవారు 41 శాతం. కాని దానిని క్లుప్తంగా వివరించిన తరువాత అడిగితే, అది జరుగుతున్నదని 72 శాతం మంది అంగీకరించారు. పేరు తెలియకపోయినా అనుభవం తెలుసునన్నమాట. మృగశిర కార్తెలో పడవలసిన వాన ఆరుద్రకో, పునర్వసుకో జరిగిందని చెప్పే రైతు వాతావరణ మార్పును గుర్తించినట్లే. అతనికి మనం ఆ పేరును మాత్రమే నేర్పితే అతని సేద్యంలో ఏ మార్పూ రాదు.

కాబట్టి అవగాహనను నాలుగు మెట్లుగా విడదీయడం ఉపయుక్తం. మొదటిది వినడం, రెండవది నమ్మడం, మూడవది నిర్ణయించడం, నాలుగవది ఆచరించడం. ఊరేగింపు, గోడరాత, కరపత్రం మొదటి మెట్టుపై పనిచేస్తాయి. నమ్మకం చెప్పినవారిని బట్టి, గతంలో వారి మాట నిజమైన తీరును బట్టి ఏర్పడుతుంది. నిర్ణయానికి తేదీ, పరిమాణం కావాలి. 'నీటిని పొదుపుగా వాడండి' అన్నది ఉపదేశం. 'మీ వాగు పరీవాహకంలో ఈ రబీకి ఇన్ని ఎకరాల వరికి మాత్రమే నీరు సరిపోతుంది' అన్నది నిర్ణయానికి పనికివచ్చే సమాచారం. ఇక ఆచరణకు పెట్టుబడి, విత్తనం, మార్కెట్ తోడు కావాలి. మన కార్యక్రమాల నివేదికలు మొదటి మెట్టును కొలిచి నాలుగవ మెట్టు ఫలితంగా చూపడమే అసలు చిక్కు.

4. ఖర్చును ఎలా లెక్కించాలి?

అవగాహనకు ప్రభుత్వం ఎంత కేటాయిస్తుందో తెలుసుకోవడానికి వాటర్‌షెడ్ పథకాలు మంచి ఆధారం. 2008 నాటి ఉమ్మడి మార్గదర్శకాల ప్రకారం మైదాన ప్రాంతాలలో హెక్టారుకు 12,000 రూపాయలు వ్యయపరిమితి. అందులో 5 శాతం సంస్థాగత నిర్మాణానికి, సామర్థ్యాల పెంపునకు, ఒక శాతం మూల్యాంకనానికి నిర్దేశించారు. అనగా హెక్టారుకు 600 రూపాయలు నేర్పడానికి, 120 రూపాయలు ఫలితం పరిశీలించడానికి. 5,000 హెక్టార్ల ప్రాజెక్టుకు ఇవి వరుసగా 30 లక్షలు, 6 లక్షలు. ప్రాజెక్టు కాలమంతటికీ పంచుకుంటే ఇది విశేషమైన మొత్తం కాదు, కాని తీసిపారవేయదగినదీ కాదు. దీనిని ఎలా ఖర్చు చేశామన్నదే ప్రశ్న.

లెక్క వేసేటప్పుడు తరచు మరచిపోయే మూడు అంశాలున్నవి. మొదటిది రైతు సమయం. విత్తే అదనులో ఒక రోజు సమావేశానికి వచ్చిన రైతు ఒక రోజు కూలిని లేదా అదనును కోల్పోతాడు. ఇది ప్రభుత్వ పద్దులో కనబడదు. రెండవది సిబ్బంది సమయం. వ్యవసాయాధికారి, శాస్త్రవేత్త జీతాలు వేరే పద్దు కింద ఉండుట వల్ల కార్యక్రమం చౌకగా కనిపిస్తుంది. మూడవది తప్పు సలహా మూల్యం. 'ఆగండి' అన్న సలహా తప్పితే రైతుకు దిగుబడి నష్టం, మరుసటి ఏటి సలహాకు విలువ నష్టం.

ఒక ఊహాజనితమైన లెక్కను పరిశీలిద్దాం. ఇందలి అంకెలు విధానాన్ని వివరించడానికి మాత్రమే. ఒక మండలంలో 10,000 మంది రైతులున్నారనుకొందాం. 'అ' కార్యక్రమం కింద ఊరేగింపులు, ఫ్లెక్సీలు, కరపత్రాలకు 5 లక్షల రూపాయలు వెచ్చించి అందరినీ చేరాము. తలకు 50 రూపాయలు. 'ఆ' కార్యక్రమం కింద 20 గ్రామాలలో గ్రామానికి 25 మంది చొప్పున 500 మందికి పంటకాలమంతా పొలంబడి నడిపి 10 లక్షలు వెచ్చించాము. తలకు 2,000 రూపాయలు. చేరిన తలల లెక్కన చూస్తే రెండవది 40 రెట్లు ఖరీదైనది.

ఇప్పుడు మారిన నిర్ణయాన్ని లెక్కిద్దాం. 'ఆ' కార్యక్రమంలో 150 మంది సలహాను ఆచరించారనుకొంటే, ఒక్కొక్క ఆచరణకు సుమారు 6,667 రూపాయలు. 'అ' కార్యక్రమంలో 20 మంది ఆచరిస్తే ఒక్కొక్కరికి 25,000 రూపాయలు. రెండూ సమానం కావాలంటే 'అ' కార్యక్రమం వల్ల 75 మంది మారవలెను. అంటే 10,000 మందిలో 0.75 శాతం. అసలు మారినది 0.2 శాతమా, 0.75 శాతమా అన్నదానిపైనే 'అ' కార్యక్రమం వృథాయా, సార్థకమా అన్నది ఆధారపడి ఉన్నది.

ఇక్కడ గణాంకశాస్త్రం ఒక ముఖ్యమైన హెచ్చరిక చేస్తుంది. ఇంత స్వల్పమైన శాతాలను వేరుచేసి చూపడానికి 1,000 మంది నమూనా కూడా చాలదు. 0.5 శాతం పరిసరాలలో ప్రామాణిక దోషమే సుమారు 0.22 శాతం ఉంటుంది. పొలంబడిలో 30 శాతం మార్పును మాత్రం 100 మంది నమూనాతోనే స్థూలంగా గుర్తించవచ్చును. అనగా విస్తృత ప్రచారం చేయడం చౌక, దాని ఫలితాన్ని తెలుసుకోవడం ఖరీదు. అందువల్లనే దాని ఫలితం ఎన్నడూ తేలదు, తేలనందువల్లనే అది ఏటేటా కొనసాగుతుంది.

5. క్షేత్రానుభవాలు

5.1 రైతులే కొలిచిన భూగర్భజలం

ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే పొడి అక్షరాలతో ప్రసిద్ధమైన, రైతుల నిర్వహణలోని భూగర్భజల వ్యవస్థల పథకం ఈ శతాబ్ది తొలి దశాబ్దంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాలలో నడచింది. అవి అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, 600కు పైగా గ్రామాలలో దీనిని అమలు చేశారు. అంతకు పూర్వం నెదర్లాండ్స్ సహాయంతో నడచిన ఏపీవెల్ పథకం దీనికి పునాది.

ఈ పథకంలో రాయితీ లేదు, నిర్బంధం లేదు. ఇచ్చినది కొలిచే సాధనం, కొలిచే విద్య మాత్రమే. ఒక వాగు పరీవాహకాన్ని ఒక యూనిట్‌గా తీసుకొని, స్త్రీలూ పురుషులూ అయిన రైతు కార్యకర్తలు వర్షమాపకంలో వానను, బోరుబావులలో నీటిమట్టాన్ని నమోదు చేసేవారు. రబీకి ముందు అందరూ కూర్చొని పంటనీటి బడ్జెట్ వేసేవారు. వానాకాలంలో భూమిలోకి ఇంకిన నీరెంత, రైతులు వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత, లోటెంత అన్నది బోర్డుపై వ్రాసేవారు. తరువాత ఎవరి నిర్ణయం వారిదే. సస్యరక్షణలో ప్రసిద్ధమైన రైతు పొలంబడి పద్ధతిని నీటికి అన్వయించి, జలసంవత్సరం పొడుగునా రైతు నీటిబడులను నిర్వహించారు.

ప్రపంచ బ్యాంకు 2010లో ప్రచురించిన భూగర్భజల నివేదిక ప్రకారం, మూడేళ్ల పరిశీలనలో 42 శాతం యూనిట్లలో రబీ నీటి తోడకం నిలకడగా తగ్గింది, 51 శాతంలో అప్పుడప్పుడు తగ్గింది, 7 శాతంలో మాత్రమే పెరిగింది. నిర్బంధం లేకుండా ఇంత మార్పు రావడం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. రైతు నీటిని తగ్గించినది పరోపకారబుద్ధితో కాదు. లోటు ముందుగా తెలిసినప్పుడు, మార్చిలో ఎండిపోయే వరి కంటే చేతికి వచ్చే ఆరుతడి పంట మేలని లెక్క తేలింది. అవగాహన స్వలాభంతో కలసినచోట అది నిలిచింది.

అయితే కథ అక్కడితో ముగియలేదు. ఐడబ్ల్యూఎంఐ–టాటా కార్యక్రమం కింద 2012లో వెలువడిన పునఃపరిశీలన ఈ పథకపు ఫలితాలను మరింత సంయమనంతో అంచనా వేయవలెనని సూచించింది. 2014లో వి. రత్నారెడ్డి ప్రభృతులు ఉమ్మడి రాష్ట్రంలోని మూడు భూగర్భజల నమూనాలను పోల్చి చూశారు. ఒకటి సమాచారంపై ఆధారపడినది, ఒకటి గ్రామస్థులు తామే విధించుకొన్న సామాజిక నియంత్రణపై ఆధారపడినది, మరొకటి బోర్లను గొట్టాలతో కలిపి మెట్ట పంటకు కీలక తడిని పంచుకొనే ఏర్పాటుపై ఆధారపడినది. ఈ పోలిక మనకు నేర్పేది ఒకటున్నది. సమాచారం బోరు ఉన్న రైతు నిర్ణయాన్ని మెరుగుపరచగలదు. బోరు లేని రైతుకు నీటిలో వాటా ఇవ్వగలిగేది నిబంధన, పంపకం మాత్రమే. పైగా 2004 నుండి సేద్యపు విద్యుత్తు ఉచితమైన రాష్ట్రంలో, ఒక రైతు తోడకుండా మిగిల్చిన నీటిని పొరుగు రైతు తోడుకొనకుండా ఆపే ధరగాని, చట్టం అమలుగాని బలంగా లేదు. 2002 నాటి వాల్టా చట్టం పుస్తకంలో ఉన్నంతగా పొలంలో లేదు. ఇట్టి పరిస్థితిలో అవగాహన ఒక్కటే మొత్తం భారాన్ని మోయవలెనని ఆశించడం న్యాయం కాదు.

5.2 దేవనకొండ: విత్తే తేదీ చెప్పిన సందేశం

2016 ఖరీఫ్‌లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు రాష్ట్ర ప్రభుత్వంతో కలసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు తెలుగులో సంక్షిప్త సందేశాలు పంపాయి. మూడు దశాబ్దాల వాతావరణ దత్తాంశాలతో నేలలో తేమ చాలుతుందా అన్నది అంచనా వేసి, విత్తే అదనును నిర్ణయించారు. రైతు పొలంలో ఏ పరికరమూ అమర్చలేదు, మామూలు ఫోను చాలు. జూన్ మొదటి వారంలో విత్తే అలవాటున్న రైతులకు జూన్ చివరి వారం వరకు ఆగమని సలహా వెళ్లింది. పాటించిన రైతులకు సగటున 30 శాతం అధిక దిగుబడి వచ్చినట్లు ఆ సంస్థలు ప్రకటించాయి. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలలో 3,000 మందికి పైగా రైతులకు విస్తరించగా, పంటను బట్టి 10 నుండి 30 శాతం పెరుగుదల నమోదైనట్లు తెలిపాయి.

ఇది ఒక ఋతువులో, ఒక మండలంలో వచ్చిన ఫలితమని గుర్తుంచుకోవలెను. ఆగడమే లాభించిన సంవత్సరంలో ఆగినవారు లాభపడ్డారు. అన్ని సంవత్సరాలూ అట్లే ఉండవు. అయినను ఈ ప్రయోగపు విలువ వేరొకచోట ఉన్నది. 'వాతావరణం మారుతున్నది' అన్న సందేశాన్ని 'ఈ వారం విత్తవద్దు' అన్న సందేశంగా మార్చినప్పుడు అది పరీక్షకు నిలబడింది. ఫలితం తప్పయితే తప్పని తెలిసే వీలు కలిగింది.

ఆర్థికంగా దీని అర్థమేమిటో చూద్దాం. వేరుశనగకు ఎకరానికి 60 కిలోల గింజలు, కిలో 100 రూపాయలు అనుకొంటే, ఒక్కసారి తిరిగి విత్తడం తప్పితే విత్తనం మీదనే 6,000 రూపాయలు మిగులుతుంది. దుక్కి, కూలి వేరు. సలహా తప్పినప్పుడు ఆలస్యం వల్ల ఎకరానికి 3,000 రూపాయల నష్టమనుకొంటే, పదేళ్లలో ఏడేళ్లు నిజమైన సలహా సగటున ఎకరానికి 3,300 రూపాయలు మిగులుస్తుంది. అదే మూడేళ్లలో ఒక ఏడు మాత్రమే నిజమైతే లాభం సున్న. కాబట్టి సందేశం పంపే ఖర్చు కంటే సందేశపు నాణ్యతపై పెట్టే ఖర్చు ముఖ్యం.

తెలంగాణలో 250 గ్రామాలలో ఫియోనా బర్లిగ్ బృందం జరిపిన ప్రయోగం దీనిని మరింత గట్టిగా నిరూపించింది. రుతుపవనాల ఆగమనాన్ని చాలా ముందుగా తెలియజేసినప్పుడు, తాము ఊహించినదానికంటే ఆలస్యమని విన్న రైతులు సాగు విస్తీర్ణం తగ్గించారు. అనుకూలమని విన్నవారు పెట్టుబడి పెంచారు. అంటే ఒకే సమాచారం అందరినీ ఒకే దిశగా కదపలేదు. ఎవరి పూర్వ అంచనాను బట్టి వారు సరిదిద్దుకొన్నారు. 2025 ఖరీఫ్‌లో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాలలో సుమారు 3.8 కోట్ల మంది రైతులకు రుతుపవనాల ఆగమన సూచనలను ఫోను సందేశాలుగా పంపింది. ఈ మార్గం ఇక ప్రయోగదశను దాటుతున్నది.

5.3 చెప్పినవారెవరు?

అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలలోను, గుజరాత్‌లోను వర్షాధార బీమాపై షాన్ కోల్ తదితర ఆర్థికవేత్తలు జరిపి 2013లో ప్రచురించిన ప్రయోగాలు మరొక పాఠం చెబుతాయి. ధర తగ్గించినంత మాత్రాన బీమా విస్తృతంగా అమ్ముడుపోలేదు. నమ్మకం కొరత, చేతిలో నగదు లేకపోవడం ప్రధానమైన అడ్డంకులుగా తేలినవి. తమకు తెలిసిన వ్యక్తి హామీ పలికినచోట కొనుగోళ్లు పెరిగాయి. విత్తనానికీ, ఎరువుకూ డబ్బు వెదుక్కుంటున్న జూన్ నెలలో బీమా గుణాలను ఎంత వివరించినా ప్రీమియం పుట్టదు. అది అజ్ఞానం కాదు, అవసరాల వరుస.

కర్ణాటకలో డిజిటల్ గ్రీన్ సంస్థ 16 గ్రామాలలో జరిపి 2009లో ప్రచురించిన ప్రయోగంలో, స్థానిక రైతులే నటించిన చిన్న వీడియోలను గ్రామ మధ్యవర్తి చూపి చర్చింపజేస్తే, సాంప్రదాయిక శిక్షణ-సందర్శన పద్ధతి కంటే కొన్ని పద్ధతుల ఆచరణ సుమారు ఏడు రెట్లు పెరిగింది. ఒక్కొక్క ఆచరణకు అయిన ఖర్చును బట్టి చూస్తే ఆ పద్ధతి పది రెట్లు మెరుగని తేలింది. ఆ వీడియోలో కనిపించిన రైతు పరిచయస్థుడు కావడం, చూసిన తరువాత అడగడానికి ఒక మనిషి ఉండడం ఇందుకు కారణాలు. విస్తరణ రంగంలో ఖర్చును ఆచరణతో భాగించి చూపిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. మనం అనుసరించవలసినది ఆ వీడియోను కాదు, ఆ భాగహారాన్ని.

6. అవగాహన ప్రాణరక్షణ అయినప్పుడు

2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లా రాజంపేట మండలంలో చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి దిగువ గ్రామాలను ముంచింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు, పశుసంపద కొట్టుకుపోయింది, పొలాలలో ఇసుక మేటవేసింది. ఇటువంటి సందర్భాలలో అవగాహన అన్న మాటకు అర్థం మారుతుంది. కరవు నెలల మీద వస్తుంది, వరద గంటలలో వస్తుంది. భారీ వర్షాల తీవ్రత పెరుగుతుందని ఏడాది ముందు సదస్సులో విన్నంత మాత్రాన ఎవరూ ఆ రాత్రి ఇల్లు విడువరు. ఎగువ జలాశయపు నీటిమట్టం ఎంత చేరితే ఎవరు మోగించాలి, ఎటు నడవాలి, పశువులను ఎవరు విప్పాలి అన్నది ముందుగా సాధన చేసి ఉంటేనే హెచ్చరిక పనిచేస్తుంది.

ఇక్కడ కూడా ఖర్చు లెక్క అదే. ఏడాదికి ఒకసారి జరిపే కసరత్తు, గుడి మైకు, యువకుల జాబితా స్వల్ప వ్యయంతో అయ్యేవి. వాటి ఫలితాన్ని కొలిచే పద్ధతి కూడా సరళమైనదే: హెచ్చరిక జారీ అయినప్పటి నుండి చివరి ఇల్లు ఖాళీ అయ్యేవరకు పట్టిన నిమిషాలు. ఫలానా సంఖ్యలో పోస్టర్లు అతికించాము అన్న నివేదిక ఈ నిమిషాలకు ప్రత్యామ్నాయం కాదు.

7. సిఫారసులు

పై పరిశీలన ఆధారంగా ఈ రెండు జిల్లాలకు కింది సూచనలు చేయవచ్చును.

(1) ప్రతి అవగాహన కార్యక్రమపు ప్రతిపాదనలో మొదటి వాక్యం 'ఏ రైతు, ఏ తేదీలోగా, ఏ నిర్ణయం మార్చుకొనవలెను' అన్నదై ఉండాలి. ఆ వాక్యం వ్రాయలేని కార్యక్రమానికి నిధులు ఇవ్వరాదు.

(2) గ్రామానికొక వర్షమాపకం ఉండాలి, దానిని రైతే చదవాలి. ఒక మిల్లీమీటరు వాన ఎకరానికి సుమారు 4,047 లీటర్ల నీటికి సమానమని బోర్డుపై వ్రాసి, రోజువారీ మొత్తాన్ని కూడితే, అది సాటిలేని పాఠం. తేలిక నేలలలో 50–60 మిల్లీమీటర్లు, బరువు నేలలలో 60–75 మిల్లీమీటర్లు పడిన తరువాతనే విత్తాలన్న సిఫారసు అప్పుడు చేతికి అందే అంకె అవుతుంది.

(3) సలహాలను కార్తెల వరుసలో వ్రాయాలి. రైతు మనసులోని క్యాలెండరు అదే. జూలై చివరి వరకు వేరుశనగకు అదనున్నదా, ఆగస్టులో కొర్ర వంటి స్వల్పకాలిక పంటకు మారాలా, ఇంకా ఆలస్యమైతే ఉలవ విత్తాలా అన్న ప్రత్యామ్నాయ ప్రణాళిక పునర్వసు, పుష్యమి, మఖ అన్న పేర్లతో చెబితే గుర్తుంటుంది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన శనగ, కొర్ర రకాల విత్తనం అదే సమయానికి దగ్గరలోని కేంద్రంలో లభ్యం కావాలి. విత్తనం లేని సలహా నోటిమాట మాత్రమే.

(4) సలహా ఎన్నిసార్లు నిజమైంది, ఎన్నిసార్లు తప్పింది అన్న పట్టికను రైతు సేవా కేంద్రంలో ప్రదర్శించాలి. తప్పును దాచిన సంస్థ మాటకు మూడవ ఏట వినేవారుండరు. 'పదిలో ఏడుపాళ్లు' అన్న సంభావ్యతా భాష రైతుకు అర్థం కాదన్న అభిప్రాయం నిరాధారం. ప్రతి ఏటా వానతో పందెం కాసే మనిషికి ఆ భాష మనకంటే బాగా తెలుసు.

(5) కార్యక్రమాన్ని ఒకేసారి అన్ని మండలాలలో ప్రారంభించక, చీటీ వేసి సగం గ్రామాలలో ఈ ఏడు, మిగిలిన సగంలో మరుసటి ఏడు ప్రారంభించాలి. ఇందువల్ల ఎవరికీ అన్యాయం జరగదు. ఎట్లాగూ మారేవారెందరో, కార్యక్రమం వల్ల మారినవారెందరో తేలుతుంది. పెద్ద ఖర్చు లేకుండా లభించే నియంత్రణ సమూహం ఇది.

(6) నిధులలో కొంత భాగాన్ని పథకం ముగిసిన తరువాతి రెండేళ్లకు ముందే వేరుచేసి పెట్టాలి. వర్షమాపకం పగిలితే మార్చడానికి, కొలిచే కార్యకర్తకు చిన్న గౌరవ వేతనం ఇవ్వడానికి అవసరమైన మొత్తం స్వల్పమే. అది లేక నిలిచిపోయిన నమోదుల వల్ల అంతకు ముందు పెట్టిన పెద్ద ఖర్చు వ్యర్థమవుతుంది.

(7) ఫలిత నివేదికలో మూడు అంకెలు తప్పనిసరి కావాలి: చేరిన ఒక్కొక్కరికి అయిన ఖర్చు, మారిన ఒక్కొక్క నిర్ణయానికి అయిన ఖర్చు, ఆ నిర్ణయం వల్ల ఎకరానికి మిగిలిన మొత్తం. హాజరు పట్టికలు, ఛాయాచిత్రాలు అనుబంధాలు కావచ్చును గాని ఫలితాలు కాజాలవు.

8. ముగింపు

విస్తృత ప్రచారం పూర్తిగా నిరర్థకమని ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆకాశవాణి కడప కేంద్రం వంటి ప్రసార సాధనాలు ఒక విషయాన్ని ఊరి చర్చలోకి తేగలవు. ఆ చర్చ లేనిదే పొలంబడికి వచ్చేవారుండరు. కాని ప్రచారం తలుపు తట్టే పని మాత్రమే చేస్తుంది. లోపలికి వెళ్లి కూర్చొని లెక్క చెప్పవలసినది వేరొకరు. ఈ రెండింటికీ నిధులు ఏ నిష్పత్తిలో పంచాలన్నది ఊహించి నిర్ణయించక, కొలిచి నిర్ణయించవలెను.

వానను కొలిచి, నేల తేమను కొలిచి, గింజ బరువును గ్రాములలో కొలిచే సస్యశాస్త్రం తన మాట ఫలితాన్ని మాత్రం కొలవకుండా వదిలివేయడం శాస్త్రధర్మం కాదు. వాగు పరీవాహకంలో నీరెంత ఉన్నదో చూచుకొని పంట వేయమని రైతుకు చెబుతున్నాము. ఇచ్చిన నిధి ఎంత, దానితో మారిన నిర్ణయాలెన్ని అన్నది చూచుకొని కార్యక్రమం వేయడం మన వంతు. రాబోయే ఖరీఫ్‌కు ముందే కనీసం ఒక్కొక్క జిల్లాలో ఒక మండలంలోనైనా ఈ పద్ధతిని ప్రారంభించగలిగితే, రెండేళ్లలో మన చేతిలో అభిప్రాయాలకు బదులు అంకెలుంటాయి.